ప్రధాన ముప్పు

ఆ ఉదయం ముప్పుగారి పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, సీసా పట్టుకెళ్లడం, పదకొండు గంటలకు కమిటీ ముందు పెట్టడం. ఇంత చిన్న పథకం కూడా చెడిపోతుందని ఎవరైనా అనుకుంటారా?

ముప్పుగారన్నది ఆయన అసలు పేరు కాదు. ఏ అడవి ప్రాణి అంతరించిపోయేలా ఉంది, ఎందువల్ల అని అంచనా కట్టే కార్యాలయంలో ఆయన ఉద్యోగి. ఏళ్ల తరబడి ముప్పులు వెతికి వెతికి, సినిమాహాల్లో కూర్చున్నా తెర వదిలేసి నెత్తిమీద ఫ్యాను ఊడుతుందేమోనని చూసే స్థితికి వచ్చారు. తోటివాళ్లు ఊరికే ఉంటారా, ఆ పేరు తగిలించారు.

సీసాలో ఉన్నది గింజనత్త. ఆవగింజకు అన్నలా ఉంటుంది. ఊరి చివర రాళ్ల మధ్య ఉన్న ఒకే ఒక్క ఊట దగ్గర బతికేది, కొన్నేళ్లుగా ఎవరికీ కనబడలేదు. ఆ ఊటమీదుగా రోడ్డు వెయ్యాలని రోడ్ల ఇంజినీరు కాచుకుని కూర్చున్నాడు. ఈ రోజు కమిటీకి ప్రాణమున్న నత్తను చూపిస్తే ఊట దక్కుతుంది. లేకపోతే "అంతరించింది" అని రాసేస్తారు, రేపు కాంక్రీటు పోసేస్తారు. ఫొటోలు చెల్లవు. ఈసారి నెల్లాళ్లు మోకాలిలోతు బురదలో వెతికితే ముప్పుగారికి దొరికింది ఒక్కటంటే ఒక్కటి. దాన్ని కాస్త నాచుతో సీసాలో పెట్టి, చల్లగా ఉంటుందని వెనకవరండాలో తన బూట్లు కడుక్కునే తొట్టి గట్టుమీద ఉంచి పడుకున్నారు.

లేచి చూస్తే సీసా తళతళలాడుతూ బోర్లించి ఉంది.

"అత్తయ్యగారూ, ఇందులో..."

"పాకుడు పట్టిపోయింది బాబూ. రుద్ది రుద్ది కడిగాను" అన్నారు అత్తగారు తృప్తిగా. ఆవిడ కూతురింటికి నిన్న సాయంత్రమే వచ్చారు. వచ్చింది మొదలు ఇల్లు కడుగుతూనే ఉన్నారు. "ఆ పాకుడంతా తొట్టిలోనే పారబోశాను. నీళ్లు దిగి చావట్లేదు. గొట్టం పూడుకుపోయినట్టుంది. పొయ్యిమీద నీళ్లు పెట్టాను, సలసల కాగాక పోస్తే దెబ్బకి వదుల్తుంది."

ముప్పుగారు తొట్టికి అడ్డంగా నిలబడ్డారు.

"పొయ్యి ఆపండి. కుళాయి ముట్టుకోకండి. ఎవరూ స్నానం చెయ్యకండి."

"స్నానానికీ దీనికీ ఏమిటండీ సంబంధం?" అంది భార్య.

"గొట్టాలన్నీ ఒకచోటే కలుస్తాయి."

"ఆ గొట్టం బాగుచేయించండి మహాప్రభో అని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. అప్పుడు చెవికెక్కలేదు. ఇప్పుడు నత్త దిగిందని మమ్మల్ని నీళ్లు లేకుండా ఎండబెడతారా?" అంటూనే ఆవిడ ప్లంబరుకు ఫోన్ చేసింది.

అదే సమయానికి ముప్పుగారి ఫోన్ మోగింది. కమిటీ అధ్యక్షురాలు.

"ఏమండీ, నత్త క్షేమమేనా?"

"క్షేమమే మేడం. కాకపోతే... కదిపే పరిస్థితిలో లేదు."

"అయ్యో. అయితే దాన్ని ఇబ్బంది పెట్టకండి, మేమే వస్తాం. ఇంజినీరుగారు కూడా ఇక్కడే ఉన్నారు, ఆయన్నీ తీసుకొస్తాను."

ఒక్క అబద్ధానికి కమిటీ మొత్తం కారెక్కింది.

ప్లంబరు ముందుగా వచ్చి తొట్టి కింద దూరాడు. "ఏం పడింది సార్? ఉంగరమా, గొలుసా?"

"నత్త."

ప్లంబరు తొట్టి కిందనుంచి తల బయటపెట్టాడు. "బంగారందా సార్?"

"ప్రాణమున్నది."

ప్లంబరు పానా కింద పెట్టి ముప్పుగారి భార్యవైపు చూశాడు. "అమ్మగారూ, సార్ రాత్రి సరిగ్గా పడుకున్నారా?"

ముప్పుగారు వరండాకూ వీధి గుమ్మానికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరగసాగారు. అత్తగారు వంటింట్లోంచి, "చల్లారిపోతున్నాయి బాబూ, మళ్లీ వెచ్చబెట్టనా?" అని అడుగుతూనే ఉన్నారు. వద్దు అనడానికి ఈయన నోరు తెరిచేలోగా వీధి తలుపు చప్పుడైంది.

అధ్యక్షురాలు తిన్నగా వరండాలోకి నడిచారు. వెనకే ఇంజినీరు, ఆ వెనక కమిటీ.

"ఏదీ నత్త?"

ఇంక దాచి లాభం లేదని ముప్పుగారు చేతులు జోడించారు. "క్షమించండి మేడం. ఆ ఒక్కదాన్నీ నేనే..."

అంతలో ప్లంబరు వంపు గొట్టం ఊడదీశాడు. పచ్చటి నాచు ముద్ద ఒకటి బక్కెట్లో పడింది. అతను వంగి చూశాడు.

"ఒక్క నత్త అన్నారు కద సార్. ఇంత సంసారం ఏమిటి?"

అధ్యక్షురాలు భూతద్దం తీశారు. నాచు నిండా గింజనత్తలు. పెద్దవి, పిల్లలు, గుడ్లు. ఏళ్లుగా ఊట దగ్గర తిరిగిన బూట్లను ముప్పుగారు ఈ తొట్టిలోనే కడిగేవారు. కళ్లు వెతుకుతూ ఉంటే కాళ్లు మోసుకొచ్చాయన్నమాట. భార్య ఏడాదిగా మొత్తుకుంటున్న అడ్డు ఇదే. ముప్పుగారికి సంతోషంతో కళ్లు చెమర్చాయి.

ఇంజినీరుకు అంతకన్నా సంతోషమైంది. "ఇంకేం మేడం, గొట్టంలో దర్జాగా బతుకుతున్నాయి. వీటికి ఊటెందుకు? ప్రమాదం లేదని రాసెయ్యండి, రేపు పని మొదలెడతాం."

అధ్యక్షురాలు ఇబ్బందిగా కలం తీశారు. "ఇంకోచోట క్షేమంగా ఉంటే ఊటకోసం రోడ్డు ఆపే అధికారం నాకు లేదండీ. ఇక్కడ వీటికి ముప్పేమీ లేనట్టేనా?"

ముప్పు కనబడితే బాగుండునని ముప్పుగారు జీవితంలో మొదటిసారి కోరుకున్నారు. ఆశగా చుట్టూ చూశారు. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉన్నారు, చేతిలో ఆవిర్లు కక్కుతున్న గిన్నెతో.

"ఉంది మేడం" అన్నారు ఆయన. "అదిగో."

"అమ్మా, ఆ నీళ్లు దేనికి?" అడిగారు అధ్యక్షురాలు.

"గొట్టంలో పొయ్యడానికి."

"మేము వద్దంటే?"

"ఇవాళ్టికి మానేస్తాను, రేపు పోస్తాను. ఇంట్లో పాకుడు ఉందంటే నాకు నిద్ర పట్టదు తల్లీ."

"నాలుగు రోజుల్లో ఊరెళ్లిపోతారుగా ఈవిడ" అని ఇంజినీరు అడ్డం పడ్డాడు.

"నేనింకా ఏమీ అనుకోలేదు" అన్నారు అత్తగారు. "అల్లుడుగారు ఉండమంటే ఉంటాను."

అందరూ ముప్పుగారివైపు తిరిగారు. భార్య మరీ శ్రద్ధగా చూస్తోంది. ఆయన ఒకసారి బక్కెట్టును, ఒకసారి గిన్నెను చూసుకున్నారు.

"ఎన్నాళ్లయినా ఉండండి అత్తయ్యగారూ."

అధ్యక్షురాలు "ముప్పు తీవ్రం, శాశ్వతం" అని రాసుకున్నారు. నత్తలను ఆ సాయంత్రమే ఊటకు చేర్చాలనీ, ఊట జోలికి ఎవరూ పోకూడదనీ తీర్మానమైంది. ఇంజినీరు కాఫీ వద్దని వెళ్లిపోయాడు.

వారానికి నివేదిక ఇంటికొచ్చింది. కూతురు తల్లికి చదివి వినిపించింది: "ప్రధాన ముప్పు: ఉద్యోగి అత్తగారు."

అత్తగారు శ్రద్ధగా విని, "ప్రధాన" దగ్గర్నుంచి మళ్లీ చదవమన్నారు.