వరండాలో లెక్కల టీచరు

ఆ శనివారానికి లెక్కల టీచరు వేసుకున్న పథకం చిన్నదే. పొద్దున టీచర్ల శిక్షణ తరగతిలో ముందు వరసలో కూర్చోవడం, మధ్యాహ్నం అత్తగారితో వెళ్ళి కర్టెన్ల గుడ్డ కొనడం. శిక్షణ కూడా ఎక్కడో కాదు, తన బళ్ళోనే, తను పాఠం చెప్పే ఏడో తరగతి గదిలోనే. వైస్ ప్రిన్సిపాల్ కుర్చీ వేసవి నుంచి ఖాళీగా ఉంది. శిక్షణ ఇచ్చే ఆవిడ ఎవరి గురించి మంచిమాట రాస్తే ఆ కుర్చీ వాళ్ళదేనని ప్రిన్సిపాల్ చూచాయగా చెప్పారు. తనకు పోటీ ఎవరూ లేరని లెక్కల టీచరు లెక్క.

శిక్షకురాలు వయసులో చిన్నది, గొంతు మెత్తన. "ఇవాళ మీరు పిల్లలు, నేను టీచర్ని. మీ క్లాసులో మీరు పెట్టే రూలే ఇక్కడా. ఎవరైనా ఒకటి చెప్పండి" అంది.

లెక్కల టీచరు చెయ్యెత్తింది. "మాట్లాడితే బయటికి. కారణాలు వినేది లేదు."

మిగతా టీచర్లు మెచ్చుకోలుగా తలలూపారు. శిక్షకురాలు ఆ రూలు బోర్డు మీద రాసి, అందరి ఫోన్లూ పట్టుకెళ్ళి సొరుగులో పెట్టేసింది.

కాసేపటికి పక్కనున్న సైన్సు టీచరు "ఏ పేజీ?" అని గొణిగింది. లెక్కల టీచరు పేజీ చెప్పింది.

"మేడం, బయటికి" అంది శిక్షకురాలు, అదే మెత్తని గొంతుతో.

"పేజీ అడిగితే చెప్పానండీ, అంతే."

శిక్షకురాలు బోర్డు వైపు చూపించింది. సైన్సు టీచరు తల పుస్తకంలో దూర్చేసింది.

వరండాలోకి వచ్చాక లెక్కల టీచరుకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. కట్టుకుంటే తప్పు చేసినట్టుంది, నడుం మీద పెట్టుకుంటే పోట్లాటకొచ్చినట్టుంది. సెలవైనా మైదానంలో వాలీబాల్ ఆడటానికొచ్చిన పిల్లల్లోంచి ఏడో తరగతి వాగుడుకాయ నీళ్ళు తాగడానికొచ్చి ఆగిపోయింది. ఆ పిల్లకు ఆ పేరు పెట్టింది ఈవిడే.

"టీచర్, మీరేం చేశారు?"

"ఏం చెయ్యలేదు."

"మేమూ అంతే టీచర్" అంది ఆ పిల్ల జాలిగా. "ఆ స్తంభం పక్కకి జరగండి. అక్కడ ఎండ తగలదు."

టీచరు జరిగింది. నిజంగానే తగల్లేదు. మాట మార్చడానికి, "భిన్నాల భాగహారం పరీక్షలో ఎందుకు వదిలేశావు?" అని గద్దించింది.

"అది చెప్పినప్పుడు నేనిక్కడే ఉన్నాను టీచర్."

ఆవిడ కింద పడున్న సుద్దముక్క తీసుకుని నేలమీద కూర్చుని, ఒక గుడ్డ గీసింది. "మూడు మీటర్ల గుడ్డ. ముప్పావు మీటరు ముక్కలు ఎన్నొస్తాయి?" ఆట వదిలేసి ఇంకొందరు వచ్చి చుట్టూ చేరారు. ఆ పాఠం రోజు వాళ్ళూ తలా ఒక సమయంలో ఇక్కడే నిలబడ్డారట.

ఈలోగా ఒక పిల్లాడు గేటు దగ్గర వాళ్ళమ్మతో, లెక్కల టీచర్ని బయట నిలబెట్టారని చెప్పాడు. ఆవిడ ఇంకో అమ్మకు ఫోన్ చేసి విచారణ జరుగుతోందంది. ఆ అమ్మ ద్వారా టీచరు భర్తకు చేరేసరికి ఉద్యోగం పోయి కూర్చుంది. ఆయన ఫోన్ చేస్తే, ఫోను సొరుగులో ఉంది. అత్తగారు గుడ్డ కొనడానికి ఎలాగూ తయారై ఉన్నారు. చేతిసంచీ తీసుకుని లేచారు.

పిల్లల మధ్య నేలమీదున్న కోడలు ఆవిడ కంటపడలేదు. తిన్నగా గదిలోకి వెళ్ళి, "మా కోడల్ని తీసేసింది ఎవరమ్మా?" అన్నారు.

"మాట్లాడితే బయటికండీ" అంది శిక్షకురాలు అలవాటుగా.

"నేనొచ్చిందే బయటి నుంచి. ఇదిగో చూడు, దానితో నాకు పేచీలుంటే అవి మా ఇంటి సంగతి. పాఠం చెప్పడంలో వంక పెడితే మాత్రం ఊరుకోను. ఇంట్లో నాక్కూడా హోంవర్కు ఇచ్చే మనిషి అది."

వెనకే భర్త, ఆయన ఫోనుకు బెదిరిపోయిన ప్రిన్సిపాల్ ఆయాసపడుతూ వచ్చారు. శిక్షకురాలి ముఖం పాలిపోయింది. బయటికి పంపిన మనిషిని ఆమె పూర్తిగా మర్చిపోయింది. అందరూ వరండాలోకి పరుగెత్తారు.

నేలంతా సుద్ద గీతలు. వాలీబాల్ జట్టు మొత్తం ఒకేసారి మాట్లాడుతోంది. వాగుడుకాయ ఇంకో పిల్లకు భాగహారం నేర్పుతోంది, టీచరు మోకాళ్ళ మీద కూర్చుని వింటోంది. తలెత్తి చూస్తే ప్రిన్సిపాల్, అత్తగారు, మొగుడు, సాటి టీచర్లు. ఇక కుర్చీ సంగతి మర్చిపోవచ్చనుకుని ఆవిడ లేచి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"సారీ మేడం. మిమ్మల్ని లోపలికి పిలవడం మర్చిపోయాను" అంది శిక్షకురాలు.

"పరవాలేదమ్మా. నేను చాలామందిని మర్చిపోయాను."

శిక్షకురాలు ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. "పొద్దుటి నుంచి లోపల నేను ఉపన్యాసం ఇచ్చానండీ. పాఠం మాత్రం బయట జరిగింది. అదే రాస్తాను."

ఇదంతా తన వాదన ఫలితమేనని అత్తగారు తేల్చేశారు. కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సోమవారం ఆ కుర్చీలో కూర్చోగానే లెక్కల టీచరు మొదటి ఉత్తర్వు వేసింది: ఏ టీచరూ ఏ పిల్లనీ పిల్లాణ్ణీ క్లాసు బయటికి పంపకూడదు. బడంతా చప్పట్లు కొట్టింది. వెనక బెంచీలో ఇద్దరు మాత్రం దిగులుపడ్డారు. ఎలాగూ బయటే ఉంటాం కదా అని వాళ్ళు ఆ రోజు హోంవర్కు చెయ్యలేదు.