గోడ పగిలింది, దేవుడి దయ

పగులు లేని గోడల మధ్య దేవుడు ఉంటాడంటే నేను నమ్మను. ఆయన లోపలికి రావడానికి దారేది?

మా ఇల్లు గోదావరిఖనిలో, ఓపెన్‌కాస్టు బొగ్గు గనికి కూతవేటు దూరంలో ఉంది. మధ్యాహ్నం అక్కడ బ్లాస్టింగ్ జరుగుతుంది. అన్నం పళ్లెం దానంతటదే నా వైపు జరుగుతుంది. ఎంతమంది మహారాజులకు దక్కింది ఈ సేవ? దేవుడి పటాలన్నీ ఒక్కసారిగా తలూపుతాయి. మీరు కోరికలు చెప్పుకుంటే మీ ఇంటి దేవుడు ఎన్నడైనా తలూపాడా?

మొన్న ఎండాకాలంలో పేలుడు మందు కాస్త ధారాళంగా పడింది. మాకూ పక్కింటి సారవ్వకూ ఉమ్మడిగా ఉన్న గోడ పైనుంచి కిందిదాకా చీలింది. సారవ్వ భర్త రాయమల్లు గనిలో పనిచేస్తాడు. వాళ్ల కోళ్లు మా తులసిని కెలికిన నాటినుంచి రెండిళ్లకూ మాటల్లేవు.

నా భార్య విశాలాక్షమ్మ ఆ పగుల్లో పాత చీర పేలిక కుక్కబోయింది. అంతలో అవతలినుంచి సారవ్వ గొంతు వినబడింది. దీపం పెట్టుకుని మొక్కుతోంది.

"తల్లీ, ఇయ్యాల నల్లా వచ్చింది. మా ఆయన షిఫ్టు దిగి సక్కగ ఇంటికొచ్చిండు. పప్పు మంచిగ ఉడికింది. పక్కింటి పంతులు దగ్గు రాత్రి ఇనవడలె, జర తగ్గినట్టుంది. గింతకన్న ఏం గావాలె?"

ఆ పంతులు నేనే. మంథని నుంచి వచ్చి ఇక్కడి బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. బొగ్గు దుమ్ముతో దగ్గు వచ్చినప్పుడల్లా దేవుణ్ణి పేరుపెట్టి నిలదీశాను గానీ, తగ్గిన పూట ఒక్కనాడూ దండం పెట్టలేదు. మాతో మాటల్లేని మనిషి నా తరఫున ఆ పని చేస్తోంది.

విశాలాక్షమ్మ పేలిక పక్కన పడేసి, పగులుకు నోరు ఆనించింది.

"దగ్గు తగ్గలేదు సారవ్వా. నేనే ఆయన్ను అవతలి అర్రలో పండుకోబెట్టిన."

సారవ్వ గొంతు పగులుకు దగ్గరగా వచ్చింది.

"అయితే నీకు నిద్ర వట్టింది గదక్కా. అది గూడ తల్లి దయనే."

విశాలాక్షమ్మ పకపకా నవ్వింది. అవతల సారవ్వా నవ్వింది. గిన్నె పగుల్లో పట్టదు కనుక పప్పు గుమ్మంలోంచి వచ్చింది. ఇంత మేలు చేసే పగులు మీ ఇంట్లో ఉందా?

సంతోషం పట్టలేక ముగ్గురం కలిసి గని ఆఫీసుకు వెళ్లి ఈ మేలు సంగతి విన్నవించాం. ఒక కుర్ర అధికారి వచ్చి పగుల్లో వేలు పెట్టి చూశాడు.

"ఇది బ్లాస్టింగ్ వల్ల కాదండీ. వానకు వచ్చింది."

బయట రోహిణి కార్తె ఎండ. అంతలో సైరన్ మోగింది, భూమి అదిరింది. మేము ఎక్కడివాళ్లం అక్కడే నిలబడ్డాం, అలవాటు కనుక. అధికారి మాత్రం చెప్పులు వదిలేసి వీధిలో పడ్డాడు. సారవ్వ ఆయన వెనకే వెళ్లి, కొంగుతో తలమీది సున్నం దులిపింది.

"భయపడకు బిడ్డా. వాన ఎల్లిపోయింది."

ఆయన వట్టి కాళ్లతోనే జీపెక్కాడు. రిపోర్టులో వానే ఉందని తరువాత తెలిసింది.

దేవుడి మీద నాకే ఫిర్యాదూ లేదు. నీళ్లిచ్చాడు, పప్పిచ్చాడు, సారవ్వనిచ్చాడు. నా బాధంతా ఒక్కటే. మా ఇంటి కప్పును నిలబెట్టే డ్యూటీ కూడా గనివాళ్లు ఆయన ఒక్కడి మీదే వదిలేశారు.