పాట మాన్పించే పెట్టె

పాట వినడం చాలా చెడ్డ అలవాటు. ఇన్నాళ్లూ ఈ మాట అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది కాబట్టి నేనే అనేస్తున్నాను.

ఆలోచించండి! పాట వింటూ పొయ్యి మీద పాలు పొంగించినవాళ్లు ఎందరు? దిగాల్సిన స్టాపు దాటిపోయి బస్సు డిపోలో తేలినవాళ్లు ఎందరు? నా స్నేహితుడొకడు బ్యాంకు క్యూలో నిలబడి ఏదో పాత పాట విన్నాడు. కౌంటర్లో మనిషి ఏం కావాలని అడిగేసరికి భోరుమన్నాడు. లోన్ ఇవ్వలేదు. ఇస్తారా మరి?

ఇంత ప్రమాదకరమైన వ్యసనానికి మందు దొరికిందని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. దాని పేరు పోర్టబుల్ హెడ్‌ఫోన్ ఆంప్లిఫైయర్. సబ్బుపెట్టెంత ఉంటుంది. ఫోనుకీ హెడ్‌ఫోన్లకీ మధ్య దళారీలా కూర్చుని, ఫోను గొణిగినదాన్ని గట్టిగా, విడమరిచి చెవిలో వేస్తుంది. ఒక్కసారి అది కొన్నారా, మీరిక జన్మలో పాట వినరు. సౌండు వింటారు!

నమ్మకం కుదరకపోతే మా బావగారిని చూడండి.

మా అక్క మొగుడు గాజు సీసాల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. సీసాని లైటుకి ఎత్తి చూసి, గోటితో టింగుమనిపించి, కంటికి కనపడని పగులు కూడా పట్టేస్తారు. పెద్ద లోపమైతే సీసా చెత్తబుట్టలోకి పోతుంది. చిన్నాచితకా లోపాలైతే అవేమిటో పైకి చదివి, సీసాని ముందుకు తోసేస్తారు. అది పాసయినట్టు. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క సీసానైనా 'బాగుంది' అన్న పాపాన పోలేదు. అనాల్సిన అవసరం ఏముంది? సీసాలేమైనా మొహం చిన్నబుచ్చుకుంటాయా?

ఇంత పదునైన చెవులు ఫ్యాక్టరీకే అంకితమైపోతే లోకం గతేం కాను? అందుకని ఇంటర్నెట్‌లో ఛానల్ పెట్టారు. ఆంప్లిఫైయర్లు తెప్పించుకుని, పరీక్షించి, తీర్పు చెబుతారు. బేస్ బిగువుగా ఉందంటారు. ట్రెబుల్, అదే పై కీచుస్వరం, కాస్త పుల్లగా తగిలిందంటారు. మధ్యలో వెచ్చదనం చాలలేదంటారు. తెలియనివాళ్లు వింటే వంటాయన అనుకుంటారు. జనం ఆయనకు 'బంగారు చెవులు' అని బిరుదిచ్చారు. ఆయన తీర్పంటే చెవి కోసుకునేవాళ్లు వేలల్లో ఉన్నారు. ఒక శిష్యుడైతే పెళ్లాం అలిగి నిలదీస్తుంటే 'ట్రెబుల్ తగ్గించు' అన్నాడట. ప్రస్తుతం హోటల్లో తింటున్నాడు.

పరీక్ష ఉన్న రోజు బావగారి ఇల్లు చూసి తీరాలి. ఫ్యానుండదు. ఫ్రిజ్ ఆపేస్తారు. కాలింగ్ బెల్ వైరు పీకేస్తారు. మా అక్క మిక్సీ జోలికి వెళ్లదు. తుమ్మొస్తే మెట్ల మీదికి పరిగెత్తి, అక్కడ తుమ్మి వస్తుంది. ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల కీచులాట విని ఎన్నేళ్లయిందో! ఇది ఆంప్లిఫైయర్ పుణ్యం కాక మరేమిటి?

ఇక పాటంటారా, ఆయన ఏ పాటనీ పదిహేను సెకన్లకి మించి వినరు. తాళాలు ఎక్కడ ఖంగుమంటాయో, తీగ ఎక్కడ వణుకుతుందో ఆ ముక్క మాత్రం కత్తిరించి, అదే తిప్పి తిప్పి వింటారు. చరణం దాకా వెళ్లడమంటే ఆయన దృష్టిలో పని ఎగ్గొట్టి షికారుకి పోవడమే.

మొన్నామధ్య ఒక కొత్త ఆంప్ వచ్చింది. అదే రోజు మా మేనకోడలు కూడా ఆయన గది గుమ్మంలోకి వచ్చింది. ఆ పిల్లకి సంగీతం కాలేజీలో చేరాలని ప్రాణం. సొంతంగా కట్టిన పాటొకటి పాడి పంపాలి, వాళ్లకి నచ్చితే పిలుస్తారు. ఆ సాయంత్రంతో గడువు సరి. దుప్పటి ముసుగేసుకుని ఫోనులో రికార్డు చేసుకుంది. ఎవరికీ వినిపించలేదు, వాళ్లమ్మకి కూడా. బంగారు చెవులు ఇంట్లోనే పెట్టుకుని ఊరంతా తిరగడం దేనికి?

"నాన్నా, మొహమాటం లేకుండా చెప్పు. నువ్వు పంపమంటే పంపుతా. లేదంటే ఈ పాటల గోల ఇంతటితో మానేస్తా," అంది.

బావగారి మొహం వెలిగిపోయింది. స్టూడియో మెరుగులు దిద్దని పచ్చి గొంతు పరీక్షకి దొరకడమంటే మాటలా! ఫైలు తీసుకుని, పిల్ల మొదటిసారి గుక్క తిప్పుకునే చోటు దాకా కత్తిరించి, చోటు దండగని మిగతాది తీసి పారేశారు. కళ్లు మూసుకుని విన్నారు. మళ్లీ విన్నారు. మళ్లీ మళ్లీ విన్నారు. పిల్ల గుమ్మం పట్టుకుని నిలబడే ఉంది.

చివరికి హెడ్‌ఫోన్లు తీసి, ఉత్సాహం పట్టలేక చెప్పుకొచ్చారు. పల్లవి చివర ఊపిరి వినపడిపోతోందట. అడుగున సన్నగా ఫ్యాను రొద ఉందట. రెండో మాట దగ్గర గొంతు రవ్వంత వణికిందట. ఎక్కడో పక్కింటి కుక్కర్ విజిల్ సైతం విడిగా తెలుస్తోందట. ఇన్ని పట్టిస్తోందంటే ఈ పెట్టె సామాన్యమైంది కాదట!

"మరి పాట?" అంది పిల్ల.

"చెప్పాను కదమ్మా," అన్నారు బావగారు, మళ్లీ హెడ్‌ఫోన్లు తగిలించుకుంటూ.

ఆయన లెక్కలో పాట పాసయిపోయింది! నాలుగు చిన్న లోపాలు పైకి చదివేశారు, ఇక ముందుకు వెళ్లిపోవడమే కదా. ఆ సంగతి సీసాలకి తెలుస్తుంది గానీ పిల్లలకి ఎలా తెలుస్తుంది? తలూపి తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

రివ్యూ అదిరిపోయింది. పరీక్షకి వాడిన ముక్క కూడా వినిపించి, ఆంప్ పనితీరుకి పదికి తొమ్మిదిన్నర మార్కులు వేశారు. దాని కింద ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి రాశాడు. ఆంప్ సంగతి అలా ఉంచండి సార్, ఆ పాడిన అమ్మాయి ఎవరు, ప్రాణం లాగేసింది, మిగతా పాట పెట్టండి అని. బావగారు విసుక్కున్నారు. సౌండు గురించి చెబుతుంటే పాట అడుగుతాడేమిటి, అనాగరికుడు! కానీ వాడి వెనక ఇంకొకరు, వాళ్ల వెనక మరికొందరు. జనం వదల్లేదు. సరే కదా అని పిల్ల గదికి వెళ్లి, పాట మొత్తం ఒకసారి ఇవ్వమన్నారు.

"తీసేశాను నాన్నా. అన్ని తప్పులున్నాయన్నావుగా."

"మరి కాలేజీకి?"

"పంపలేదు."

కోపంగా కూడా అనలేదట. అదే తట్టుకోలేకపోయానని మా అక్క నాతో చెప్పి ఏడ్చింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో స్నానాల గదిలో కూనిరాగం కూడా లేదు.

చూశారా, ఎన్ని లాభాలో! ఎదిగే పిల్ల ఒక దురలవాటు నుంచి బయటపడింది. ఇల్లు ఇంకాస్త నిశ్శబ్దమైంది. పరీక్షలకి ఇంతకంటే అనువైన వాతావరణం డబ్బు పోసినా దొరుకుతుందా?

నిన్న ఉండబట్టలేక నేనే ఫోన్ చేశాను. ఇంకా మేలురకం ఆంప్ వచ్చిందటగా, పనితీరు ఎలా ఉందని అడిగాను.

"అమోఘంగా ఉందోయ్," అన్నారు. "అమ్మాయి ముక్కే పెట్టుకుని వింటున్నా. గుక్క తిప్పుకుని ఏదో అందుకోబోతుంది, అక్కడ ఆగిపోతుంది. ఆ తర్వాత అది ఏం పాడిందో నాకు తెలీదు."