ముప్పయ్యేడుగురు మొగుళ్ళ వాంగ్మూలం

ఒక పెద్ద అడవిలో మందుల మండలి అని ఒక ఆఫీసు ఉండేది. అందులో బీరువాలు లేవు. గుమాస్తా శూలపాణి ముళ్ళపంది కాబట్టి, వచ్చిన అర్జీ ఆకునల్లా అతని వీపు మీద గుచ్చేవారు. రాత్రంతా ఆఫీసు చేసి, తెల్లారేసరికి ఫైళ్ళన్నీ మోసుకుని ఇంటికొచ్చేవాడు. భార్య కంటకమ్మ ఒక్కొక్క ఆకూ తీసి, కట్టకట్టి మూలన పెట్టేది.

ముళ్ళపందుల కాపురంలో ఒక చిక్కుంది. ఆడది ముళ్ళు వాలిస్తే తప్ప మగవాడు దగ్గరికి రాకూడదు. వస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఏడాదిగా కంటకమ్మ ముళ్ళు వాలడం లేదు.

మొగుడంటే ఇష్టం లేకనా అంటే, అదే అయితే ఆవిడకి ఇంత బెంగ ఎందుకు? తన మీదేదో కోపమనుకుని శూలపాణి ఎడంగా పడుకోవడం మొదలుపెట్టాడు. ఆ ఎడం చూస్తే ఆవిడకి ఏడుపొచ్చేది.

చివరికి సిగ్గు దిగమింగుకుని వైద్యురాలు మూలికమ్మ దగ్గరికి వెళ్ళింది. మూలికమ్మ పెద్ద వయసు కొండముచ్చు. ఎవరేం చెప్పినా ఆశ్చర్యపోదు.

"మనసు సరేనంటుందమ్మా, ఒళ్ళే మాట వినదు," అంది కంటకమ్మ.

"ఈ నెలలో ఈ మాట చెప్పినవాళ్ళలో నువ్వు పద్నాలుగోదానివి. పైన రాసుకునే లేపనం ఒకటి చేశాను. రాసినచోట నెత్తురు బాగా ఆడి, స్పర్శ ఒంటికి తెలుస్తుంది. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు. నేను చూసి చీటీ రాసిస్తేనే వాడాలి. కానీ మీ ఆయనగారి మండలి ఒప్పుకుంటేగా, నేను చీటీ రాసేది!"

మండలిలో అందరూ మగవాళ్ళే. మగవాళ్ళ సత్తువకి పుట్టవేరు మంజూరు చెయ్యడానికి వాళ్ళకి ఒక ఆవులింతంత సేపు కూడా పట్టలేదు. మూలికమ్మ వచ్చి లేపనం సంగతి ఎత్తగానే అధ్యక్షుడు భల్లూకరావు, అంటే ఎలుగుబంటిగారు, గొంతు సవరించుకున్నాడు.

"ఆడవాళ్ళకి ఇదేం జబ్బండీ? మా అమ్మకి ఉందా, మా అమ్మమ్మకి ఉందా?"

"నేను పింఛం విప్పితే చాలు, మా ఇంట్లో మందుతో పనేముంది?" అన్నాడు నెమలి సభ్యుడు పింఛారావు.

"ఆడవాళ్ళనే అడిగి చూడండి," అంది మూలికమ్మ.

"రామరామ! ఇలాంటివి ఆడవాళ్ళని అడుగుతామా? మర్యాదేనా? భర్తల్ని అడుగుదాం," అన్నాడు భల్లూకరావు.

అలాగే అడిగారు. మర్నాడు తెల్లారి శూలపాణి వీపు మీద ముప్పయ్యేడు ఆకులున్నాయి. కంటకమ్మ తీస్తూ చదివింది. 'మా ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు.' 'లేదు.' 'లేనే లేదు.' ఆఖరి ఆకు దస్తూరీ చూడగానే ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఏమండీ, ఇది మీరు రాసిందేనా?"

"నలుగురూ లేదని రాస్తుంటే నేనొక్కణ్ణే ఉందని రాయనా? పరువు పోదూ?"

"పరువు మీకూ, బాధ నాకూనా? పోనీ, ఒక్కసారైనా నన్ను అడిగారా?"

శూలపాణి నేల చూపులు చూశాడు. అడగలేదు. అడగాలని తోచను కూడా లేదు.

కంటకమ్మ మూలన ఉన్న పాత కట్ట విప్పింది. అవి పుట్టవేరు కోసం మగవాళ్ళు పెట్టుకున్న అర్జీలు. వేరు కావాలంటే కారణం రాసి తీరాలి మరి. ఆవిడ ఒకటి చదివి నవ్వింది. ఇంకోటి చదివింది. మూడోది చదివాక కళ్ళనిండా నీళ్ళు. అది శూలపాణిది.

"ఇన్నాళ్ళూ నాకు చెప్పని మాట ఆఫీసుకి చెప్పుకున్నారా?" అంది.

శూలపాణి ఆవిడకేసి వీపు తిప్పి కూర్చున్నాడు.

"గుచ్చు. పాతదీ కొత్తదీ పక్కపక్కనే గుచ్చు. ముందర నాది."

సాయంత్రం సభ నిండిపోయింది. మంచి వార్త వినిపించాలని భల్లూకరావు ఆడవాళ్ళని కూడా పిలిపించాడు. చేతికొచ్చిన ఆకు ఆఖరిదాకా పైకి చదవాలన్నది మండలి పెట్టుకున్న నియమం.

"'మా ఇంట్లో ఏ లోటూ లేదు. శూలపాణి.' భేష్! తర్వాతది. 'నా భార్య నన్ను దగ్గరికి రానివ్వడం లేదు. నేనేం తప్పు చేశానో తెలియదు. వేరు ఇప్పించగలరు. శూలపాణి.' ఇదేమిటయ్యా?"

"రెండూ నావేనండీ. మొదటిది అబద్ధం. తమరు చదవండి."

"'మా ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు. పింఛారావు.' ఆఁ. 'నేను ఎంత ఆడినా మా ఆవిడ పురుగులు ఏరుకుంటోంది. రెండు పుట్టవేర్లు ఇప్పించగలరు. పింఛా...'"

నెమలిగారి పింఛం దానంతటదే ముడుచుకుపోయింది. ఆడవాళ్ళ వరసలోంచి కిసుక్కుమని నవ్వు.

తర్వాతి ఆకు చూసి భల్లూకరావు కళ్ళజోడు కోసం వెతుక్కున్నాడు. ఆయనకి కళ్ళజోడు లేదు.

"చదవండి, మీ దస్తూరీనే," అంది ఆయన భార్య.

"జబ్బు ఆవిడకి, మందు ఈయనకి. కాలు విరిగితే చేతికి కట్టు కట్టినట్టుంది," అంది మూలికమ్మ.

లేపనం ఆ క్షణానే మంజూరయింది. అయినా అలవాటు పోతుందా? "చీటీ మీద భర్త సంతకం తప్పనిసరి," అన్నాడు భల్లూకరావు.

"అలాగేనండీ. పుట్టవేరు చీటీ మీద భార్య సంతకం పెట్టిద్దాం," అంది కంటకమ్మ.

ఆ నియమం అక్కడికక్కడే రద్దయింది.

కంటకమ్మ చీటీ రాయించుకుని లేపనం తెచ్చుకుంది. నాలుగు వారాలు పట్టింది. ఆ నాలుగు వారాలూ శూలపాణి తెల్లారి ఇంటికి రాగానే, "ఇవ్వాళ ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగి, ఆవిడ చెప్పేదాకా కూర్చునేవాడు. ఒకరోజు ఆవిడ జవాబు చెప్పకుండా ముళ్ళు వాల్చింది. మిగతాది వాళ్ళింటి విషయం.

ఇక మూలికమ్మ గుమ్మం ముందు ముప్పయ్యారుగురు మొగుళ్ళు వరస కట్టారు. అందరిదీ ఒకే మాట. "మా ఇంట్లో ఏ ఇబ్బందీ లేదండీ, పక్కింటావిడకి కావాలి."

"అయితే ఆవిడనే పంపండి," అంది మూలికమ్మ.

అడవి బడిలో పిల్లలకి ఇప్పటికీ చెప్పే నీతి: రోగిని అడగకుండా ఉంటే చాలు, ఎంతటి రోగమైనా ఇట్టే నయమైపోతుంది.