మండవల్లి స్టేడియ విముక్తి

వినుడు! పందొమ్మిదివందల ముప్పదినాలుగున, శ్రీముఖనామ సంవత్సర మాఘమాసమున, కొల్లేటి నీరు వెనుకంజ వేసి కొంగల బారులు గట్లకెక్కిన పుణ్యకాలమున, అర్చకకులసంజాతుడును, బడిపంతులును, మండవల్లి ఫుట్‌బాల్ క్లబ్బు సెక్రెటరీయునగు భీమశంకరము, పరాయి మైదానములలో ఆడి ఆడి, ఊరూర ‘నేల లేని జట్టు’ అని వెక్కిరింపబడి, అవమానానలదగ్ధహృదయుడై, స్వగ్రామమున స్టేడియము కట్టెదనని ప్రతిజ్ఞ పట్టెను. పట్టినవాడు ఊరకుండెనా! జట్టువారిచే మట్టి మోయించెను, తాటిదూలములు పరపించి గ్యాలరీ నిలిపెను, నేల గట్టిపడుటకై దిమ్మిస కొట్టించి, పేడతో అలికించి, చుట్టును సున్నపు గీతలు గీయించెను. అబ్బో, ఆ సంబరము చూచి తీరవలె!

ఏలూరు జట్టు మధ్యాహ్నపు రైలు దిగనున్న ప్రారంభోత్సవ దినమున, పట్టుపంచె సవరించుకొనుచు మైదానము చేరిన ఆ వీరుడు, ఈ గోలుస్తంభము మొదలు ఆ గోలుస్తంభము దాక ఎండబెట్టిన పరిగెచేపలను గాంచి కొయ్యబారెను. నడుమ, కాకులను తోలు కర్ర ధరించి, చేపలపేట పెద్దదిక్కు ముత్యాలమ్మ ఆసీనురాలై యుండెను.

“ఓ కాకభయంకరీ!” అని భీమశంకరము గర్జించెను. “అస్మత్స్వేదజలసిక్తమగు క్రీడారంగమును మత్స్యగంధమున మైలపరచితివా! నీ మీనసైన్యమును తక్షణమే మరల్చుము! లేనిచో ఏలూరువారు కైకలూరు పోయి ఆడెదరు, మాకు మరల నేల లేకపోవును!”

“ఏవండీ పంతులుగారండీ, చదును చేసి పేడ అలికితే అది కళ్లం కాదాండీ? పైగా చుట్టూ ముగ్గు కూడా పెట్టించారు! మా పేటకి కళ్లం చేయించారు మహానుభావులని పొద్దున్నించి మిమ్మల్ని దీవిస్తున్నామండీ,” అన్నది ముత్యాలమ్మ. “తీసేస్తాం లెండి. కానీ మైలన్నారు చూడండి, అది గుచ్చుకుందండీ. మొదటి చేప మీ చేత్తో తీయండి. మిగతావి మా ఆడోళ్లం చిటికెలో ఎత్తేస్తాం.”

అయ్యో రామ! చేపలగంప ఎదురైన వీధి మార్చుకొను వంశము కదా అతనిది! దూరమున రైలు కూసెను. వీరునకు ముచ్చెమటలు పోసెను, గ్రాంథికమంతయు గొంతులో అడుగంటెను.

“తప్పయిపోయిందమ్మా, నోరు జారాను,” అని మెల్లగా పలికి, కన్నులు మూసి, దంతములు బిగించి, రెండు వ్రేళ్లతో ఒక పరిగె తోకను పట్టెను. పచ్చి ఆరని ఆ మత్స్యము జారెను. మరల పట్టెను, మరల జారెను! పేటలోని ఆడువారందరు పొట్టలు పట్టుకొని నవ్వుచుండగా, పట్టుపంచె ఎగగట్టి, మోకాళ్లపై కూలబడి, ఉభయహస్తములను దొప్పచేసి, బెత్తెడు పరిగెను గంపలో పడవేసెను.

“అదండీ మగతనవంటే!” అన్నది ముత్యాలమ్మ. గంపలు కదలెను, చేపలన్నియు గట్టెక్కెను, ఆట మొదలాయెను.

ఏలూరువారు మనవారిని చిత్తుచిత్తుగా ఓడించిరి. అయిన నేమి! తాటిదూలములపై నిలిచి పేటంతయు ఈలలు వేయుచుండగా భీమశంకరము బావురుమని ఆనందబాష్పములు రాల్చెను. దిక్కులారా, చాటుడు! ఇన్నాళ్లు పరాయి నేలపై ఓడిన మండవల్లి జట్టు, నేడు సొంత నేలపై ఓడెను!