షిర్దాక్ గురించి తెలిసినవారు రాయరాదు

మానవజాతి జ్ఞానమంతా ఒకచోట పోగుచేసే సర్వజన విజ్ఞానకోశంలో ఎవరైనా రాయవచ్చు. చదువు అక్కర్లేదు, సిఫారసు అక్కర్లేదు. రాసే సంగతి రాసేవారికి బొత్తిగా తెలియకుండా ఉంటే చాలు. (తెలిసి రాసినవారిని వెంటనే శిక్షించరు. ముందు ఫారం ఇస్తారు.)

కిర్గిజ్‌ల ఊరు కొచ్కోర్‌లో ముప్పై ఏళ్లు గ్రంథాలయం నడిపి రిటైరైన బుర్మాకాన్‌కు ఈ నియమం తెలియదు. ఆమెకు బాగా తెలిసింది షిర్దాక్ కుట్టడం. ఉన్నిని వేడినీళ్లతో తొక్కి గట్టిపరిచి, రెండు రంగుల పొరలు ఒకదానిమీద ఒకటి పెట్టి, పొట్టేలు కొమ్ముల నమూనాను ఒకే కోతలో తీసి, దీని ముక్క దాంట్లో, దాని ముక్క దీంట్లో పొదిగి కుట్టే తివాచీ అది. ఆమెతో కలిపి ఊళ్లో పదకొండు మంది ఆడవాళ్లు కుడతారు. రాజధానిలో జరిగే హస్తకళల సంతలో అమ్ముకుంటే తప్ప ఆ ఇళ్లకు చలికాలం బొగ్గు రాదు. దుకాణం కోసం దరఖాస్తు పెట్టుకుంటే కమిటీ చాలా మర్యాదగా జవాబిచ్చింది: విజ్ఞానకోశం ప్రకారం కొచ్కోర్ షిర్దాక్ కళ అంతరించింది, అంతరించినవారికి దుకాణం కేటాయించే పద్ధతి లేదు, మీ కుటుంబాలకు మా ప్రగాఢ సానుభూతి.

“పరామర్శకు వచ్చేవాళ్లు ఒక గొర్రెనైనా తోలుకురావాలి కదే, ఉత్త చేతులతో ఏంటి?” అంది జిపార్. ఆమె బుర్మాకాన్‌కు తోడికోడలు. సూది కంటే నోరు వాడి.

బుర్మాకాన్ ఫోన్ తెరిచి, తను ఎప్పుడో అచ్చు వేయించిన చిన్న పుస్తకంలోంచి రెండు పేరాలు విజ్ఞానకోశంలోకి ఎక్కించింది. నాలుగు నిమిషాల్లో అవి మాయమయ్యాయి. హక్కుల పరిశీలన విభాగం మూడో అంచె స్వచ్ఛంద పర్యవేక్షకుడు ఎర్మెక్ పేరుతో నోటీసు వచ్చింది: ‘ఇది బుర్మాకాన్ అనే రచయిత్రి సొత్తు. దొంగిలించరాదు.’

ఆ బుర్మాకాన్‌ని నేనే అని ఆమె రాసింది. ఆ మాట ఎవరైనా రాయగలరని జవాబు వచ్చింది. రచయిత్రి దగ్గర రాతపూర్వక అనుమతి తేవాలి. ప్రపంచంలో ఎవరైనా ఆ రాతను వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు అని అందులో ఉండాలి. (మొహమాటం కొద్దీ ఇచ్చిన అనుమతి చెల్లదు.)

చెప్పింది చెప్పినట్టు చేయడం ఉద్యోగం అంటించిన జబ్బు. ‘గౌరవనీయులైన బుర్మాకాన్ గారికి’ అని మొదలుపెట్టి ఆమె తనకు తాను దరఖాస్తు రాసుకుంది. అడగ్గానే ఒప్పుకుంటే చులకనైపోతామని ఒక రోజు ఆగింది. మర్నాడు టీ తాగాక, పెద్ద మనసు చేసుకుని అనుమతి ఇచ్చింది. ఇరుపక్షాల తరఫునా జిపార్ సాక్షి సంతకం పెట్టింది.

అనుమతి చెల్లింది. గంట తర్వాత పేరాలు మళ్లీ పోయాయి. రాసింది సొంత రచనేనని ఇప్పుడు సందేహం లేకుండా రుజువైంది కనుక ఇది స్వప్రయోజనం కిందికి వస్తుందట. పరాయిదైతే దొంగతనం, సొంతమైతే పక్షపాతం. ఈ రెండూ కాని పక్షంలో ఎవరికీ అభ్యంతరం లేదు.

ఈసారి ఫారం వచ్చింది. ‘ఈ విషయంతోనూ, ఇందులోని వ్యక్తులతోనూ మీకున్న బంధాలన్నీ ప్రకటించండి.’ ఇంకెక్కడైనా ఇది ఒక్క వాక్యంతో తేలిపోయేది. ఏడు తరాల తాతల పేర్లు చెప్పలేనివాణ్ణి దిక్కులేనివాడి కింద జమకట్టే కిర్గిజ్‌లను అడగవలసిన ప్రశ్న మాత్రం కాదు. బుర్మాకాన్ పుట్టింటి నుంచి మొదలుపెట్టి, అత్తింటి మీదుగా, వియ్యాలవారి వరకూ ఇరవై రెండు పేజీలు నింపింది. ఉన్ని ఇచ్చిన గొర్రెల్లో నాలుగు తనవేనని కూడా నిజాయితీగా చేర్చింది.

అంతా చదివి, మీకు చుట్టం కాని మనిషి చేత రాయించండి అన్నారు. కొచ్కోర్‌లో అలాంటివాడు ఒక్కడే దొరికాడు, పశువుల డాక్టరు. విచారిస్తే అతని పెళ్లికి షిర్దాక్ కానుకగా వెళ్లిందని తేలింది. అది వస్తురూపంలో ముట్టిన లంచమన్నారు.

చివరికి నియమావళి బోధపరచడానికి ఎర్మెక్ స్వయంగా ఫోన్ చేశాడు.

“అక్కా, మీమీద నాకేం కోపం లేదు. నియమం నియమమే.”

“సరేలే బాబూ. ఇంతకీ ఎవరి బిడ్డవి నువ్వు?”

“అదిక్కడ అప్రస్తుతం అక్కా.”

“ఏం, తాతల పేర్లు రావా?”

ఆ మాట అనిపించుకుని ఊరుకునే మగాడు ఇంకా పుట్టలేదు. ఎర్మెక్ రోషంగా అందుకుని, ఆరో పేరు దగ్గర సాతిబాల్ది అన్నాడు.

“ఆగాగు! కుంటి గుర్రం సాతిబాల్దేనా?”

“ఆఁ... ఆయనే.”

“నాకు ఐదో తాతరా ఆయన! ఒరేయ్, నేను నీకు అత్తనవుతాను!”

అవతల నియమావళి పేజీలు తిరగేసిన చప్పుడైంది.

“ఎంత పని చేశావత్తా! ఇప్పుడు నేను ఈ వ్యవహారంలోంచి తప్పుకోవాలి.”

“తప్పుకుందువు గానీ, ఆ అంతరించింది అన్న ముక్క తీసేసి తప్పుకో.”

“అదెలా కుదురుద్దీ? ఇందాకటిదాకా అయితే తీసేద్దును.”

వ్యవహారం నిష్పాక్షిక సభ్యుడి చేతికి వెళ్లింది. ఆయనకు కిర్గిజ్ రాదు, గొర్రెను దగ్గర్నుంచి చూడలేదు, ఉన్ని తగిలితే దద్దుర్లు. ఇన్ని అర్హతలు ఒకే మనిషిలో ఉండటం అరుదు. వారంలో తీర్పు వచ్చింది: ఈ కళ బతికే ఉందంటున్నవారంతా ఆ పని చేసేవారో, వారి చుట్టాలో; కావున బతికి ఉందనడానికి స్వతంత్రమైన ఆధారం లేదు.

మేనల్లుడైన పాపానికి ఎర్మెక్ సిగ్గుపడి ఒక దారి చెప్పాడు. “సంతలో అంతరించిన కళల వరుస ఒకటుందత్తా. అక్కడ పోటీ ఉండదు.”

దుకాణం దొరికింది. చూడవచ్చినవారి ఎదుట సూది పట్టరాదనీ, మేమే కుట్టామని చెప్పుకోరాదనీ షరతు. పదకొండు మంది ఆడవాళ్లూ చేతులు ఒళ్లో పెట్టుకుని వరుసగా కూర్చున్నారు. బుర్మాకాన్‌కు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. కానీ ఇక దొరకవంటే జనం ఎగబడ్డారు. మధ్యాహ్నానికల్లా ఒక్కటే మిగిలింది. చలికాలం గండం గడిచినట్టే.

ఆ ఒక్కదాన్నీ ఒక పట్నం ఆవిడ నిమిరి నిమిరి చూసి, కళ్లు తుడుచుకుంది.

“ఎంత పనితనమండీ! ఈ చేతులన్నీ పోయాయంటే గుండె తరుక్కుపోతోంది. కుట్టినవాళ్లు మీకేమైనా తెలుసా?”

జిపార్ నోరు తెరవబోయింది. బుర్మాకాన్ ఆమె కాలు తొక్కింది.

“తెలుసమ్మా,” అంది. “అందుకే నేను చెప్పకూడదు.”