సిమెంటు పైడిరాజు పక్కన ఎవరు?

ఆ గురువారం ఉదయం వేణుగోపాల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా బిలాస్‌పూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో బొమ్మలు సర్దేసి, పదింటికి ఆఫీసుకు పోయి, సాయంత్రం ఆరింటికి ప్రదర్శన మొదలుపెట్టడం. ఇన్‌స్టిట్యూట్ సాంస్కృతిక కార్యదర్శి అయిన అతనికి గొప్ప ఆలోచన ఒకటి వచ్చింది. పాతకాలపు శిల్పం ఒకటి, ఈ కాలపు శిల్పం ఒకటి తెచ్చి జంటగా పెడితే, మనిషిని అప్పుడెలా చూశారో, ఇప్పుడెలా చూస్తున్నారో జనమే పోల్చుకుంటారు. పోల్చుకున్న మాట నిజమే కానీ, అతను అనుకున్న పద్ధతిలో మాత్రం కాదు.

పాతవి రైల్వే స్కూలు డ్రాయింగు మాస్టారు సీతారామయ్యగారివి. ముప్పై అయిదేళ్ళ కిందట అక్కడి తెలుగు రైల్వే కాలనీ మగవాళ్ళను ఎదురుగా నిలబెట్టుకుని, మీసాలతో సహా సిమెంటులోకి దింపేశారు. కొత్తవి స్వాతివి. ఆ అమ్మాయి ఖైరాగఢ్‌లో శిల్పకళ చదువుకుంది. ఆమె మట్టితో చేసి కాల్చిన ఆడవాళ్ళకు కళ్ళూ ముక్కూ ఉండవు. మనిషంతా నిలబడే తీరులోనే ఉంటుంది.

బొగ్గుపార పట్టుకున్న పాతికేళ్ళ ఫైర్‌మన్ పైడిరాజు పక్కన, ఒక చెయ్యి నడుం మీద వేసి, మెడ ముందుకు చాచి, రెండో చెయ్యి పైకెత్తిన మట్టి స్త్రీని పెట్టాడు వేణుగోపాల్. దూరంగా జరిగి చూసుకుని మురిసిపోయాడు.

అసలు పైడిరాజు డ్రైవరై, ముందుగానే రిటైర్మెంటు తీసుకుని రెండేళ్ళయింది. ఆదివారం అతని షష్టిపూర్తి. శుభలేఖలు పంచేశారు, బిల్హా నుంచి బియ్యం బస్తాలు కూడా దిగాయి. సరిగ్గా అప్పుడే, కూరగాయలకు పోతున్న పక్క క్వార్టరు అప్పయమ్మ హాల్లోకి తొంగిచూసింది. కూరలు మానేసి నేరుగా పైడిరాజు భార్య దగ్గరకు వెళ్ళింది.

"ఏటే అసిరమ్మా, హాల్లో మీ ఆయన పక్కన ఎవర్తో నిలబడుంది! నడుం మీద సెయ్యేసుకుని, సొంత ఇంట్లో ఉన్నట్టు!"

ఆ కాలనీలో ఆడా మగా పక్కపక్కన నిలబడేది ఫోటో స్టూడియోలోనే, అదీ పెళ్ళయ్యాకే. అందుచేత ఆ జంట ఏమిటో అసిరమ్మకు ఎవరూ వివరించనక్కర్లేకపోయింది.

"ఎవరది?" అని మొగుణ్ణి నిలదీసింది.

"ఏది?" అన్నాడు పైడిరాజు, కాఫీ గ్లాసు పట్టుకుని.

"డ్యూటీ అని వారానికి మూడ్రోజులు కర్గీ రోడ్డు స్టేషన్లో పడుండీవోడివి కదా. అక్కడిదేనా?"

"నాకేటి తెల్దే!"

"బొమ్మ సేసినోలకి తెలిసింది గానీ నీకు తెల్దా? అదెవర్తో తేలీదాకా నాను పీటల మీద కూకోను. తాళి దానికే కట్టుకో."

పైడిరాజు కాఫీ వదిలేసి హాలుకు పరిగెత్తాడు. వెనకాలే అప్పయమ్మ, ఆ వెనక మరో నలుగురు. అతను బొమ్మ చుట్టూ మూడుసార్లు తిరిగి, వంగి చూసి, లేచి చూసి, నిజంగానే ఎవరో తెలియక హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. భయం తీరగానే నోరు లేచింది.

"అమ్మతోడు, ఈ మనిషిని నాను జన్మలో సూడలేదు! అసలా నిలబడ్డం సూడండి, కయ్యానికొచ్చినట్టు లేదూ? ఇలాటిదాంతో ఒక్క పూటైనా ఏగగలమేటి?"

అయిదుగురూ శ్రద్ధగా విన్నారు.

గొడవెందుకని వేణుగోపాల్ ఆవిణ్ణి గార్డు గోవిందరావు బొమ్మ పక్కకు మార్చాడు. అరగంటలో గోవిందరావు భార్య శాంతాదేవి దిగింది. "పైడిరాజుగారు వద్దన్నదాన్ని మా ఆయనకు అంటగడతారా?" అని కడిగేసింది. సరేనని బ్రహ్మచారి శంకరరావు పక్కన పెట్టాడు. ఆ కబురు అందుకుని శంకరరావే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అరవై దాటిన ఆ పెద్దమనిషి గొంతు తగ్గించి, "మనవాళ్ళేనా? శ్రీకాకుళం వైపా?" అని అడిగాడు. చివరికి ఒంటరిగా మూల నిలబెడితే, "పాపం, వదిలేశారు" అంటూ ఆడవాళ్ళు జాలిపడసాగారు. ఆఫీసుకు సెలవు చీటీ పంపి, వేణుగోపాల్ సిమెంటు మగవాళ్ళందరినీ ఒక గోడకు, మట్టి ఆడవాళ్ళందరినీ ఎదుటి గోడకు చేర్చేశాడు. తన గొప్ప ఆలోచన బంతిభోజనంలా తయారైనందుకు అతనికి ఏడుపొచ్చింది.

సాయంత్రం ఉస్లాపూర్ నుంచి స్వాతి వచ్చింది. "అంకుల్, యే క్యా కియా? ఏం చేశారిది? నా జోడీలేవీ?" అంటూ తల పట్టుకుంది. వేణుగోపాల్ జవాబు చెప్పేలోగా అసిరమ్మ హాల్లో అడుగుపెట్టింది. జనం దారిచ్చారు. ఆమె తిన్నగా ఆ బొమ్మ ముందుకు పోయి, ఒక చెయ్యి నడుం మీద వేసి, మెడ ముందుకు చాచి, రెండో చెయ్యి పైకెత్తింది.

"ఏటే, ఎవర్తివే నువ్వు?"

అందరూ ఒకసారి మట్టి మనిషినీ, ఒకసారి అసలు మనిషినీ చూశారు.

"ఆంటీ, ఆప్ హీ తో హై! అది మీరే!" అంది స్వాతి. "మొన్నటిదాకా మేం మీ క్వార్టర్ల లైన్లోనే ఉన్నాం కదా. మీరు కుళాయి దగ్గర ఇలా నిలబడితేనే మా అందరికీ నీళ్ళు దొరికేవి. కాలనీ అనగానే నాకు మీరే గుర్తొస్తారు."

అసిరమ్మ చెయ్యి మెల్లగా దిగింది. మొగుణ్ణి ఏనాడో సిమెంటులో పోశారు గానీ, తనకోసం ఇన్నేళ్ళలో ఎవరూ గుప్పెడు మట్టి కలపలేదు. కళ్ళ నీళ్ళు తిరిగాయి. కొంగుతో బొమ్మ భుజం మీది దుమ్ము తుడిచి, "అచ్ఛా... నానేనా?" అంది. తర్వాత వేణుగోపాల్ వైపు తిరిగి, "బాబూ, దీన్ని మా ఆయన పక్కనే పెట్టు" అని ఆర్డరు వేసింది.

పోయిన ప్రాణం లేచొచ్చిన పైడిరాజు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. "సూడగానే అనుకున్నాను, ఇది మా అసిరేనని!"

"అదేటన్నయ్యా?" అంది అప్పయమ్మ, చాలా అమాయకంగా. "జన్మలో సూడలేదన్నావు కదా పొద్దున్న. ఒక్క పూట కూడా ఏగలేనన్నావు."

ఆదివారం షష్టిపూర్తి అనుకున్న ముహూర్తానికే జరిగింది. కాకపోతే తాళి కట్టేముందు, పక్కన కూర్చున్నది ఎవరో గుర్తుపట్టమని అసిరమ్మ పురోహితుడి చేత పైడిరాజును మూడుసార్లు అడిగించింది.